నీడలేనోళ్ల సారు

పోయిన నెల ఒక ఉదయం నేను కోర్టుకు బయలుదేరుతుంటే రాజమల్లు ఫోన్ చేశాడు. రాజమల్లుది జగిత్యాల బస్టాండు వెనక టైర్ల దుకాణం. చిన్నప్పుడు కోరుట్లలో హైస్కూలు నాతో కలిసి చదివాడు. ఫోన్ ఎత్తగానే ఎండ గురించో వాన గురించో ఒక మాట అనడం అతని అలవాటు. ఆ రోజు అదేమీ లేదు. "మన సారు పోయిండు" అన్నాడు.

ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరికీ పాఠాలు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. 'మన సారు' మాత్రం ఒక్కరే. నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం కూడా వాకిట్లో కూర్చుని తన బూట్లకు తెల్ల రంగు పూసుకున్నారట.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు, సభల్లో శాలువా కప్పించుకున్న మనిషీ కాదు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. పిల్లల్ని ఉరికించడం, కబడ్డీ ఆడించడం, ఆగస్టు పదిహేనుకు కవాతు నేర్పడం ఆయన పని. ఒక ఏడాది ఆ పనికి కావాల్సిన మైదానమే ఆయనకు లేకుండా పోయింది. ఆయన గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఏడాదిలోనే ఉంది.

అవి ఎనభైలు ముగుస్తున్న రోజులు. మాది ఎల్లారెడ్డిపేట వైపు ఒక పల్లె. మా తాతను ఊళ్లో దొర అనేవాళ్లు. రైతుకూలీ సంఘాలు బలపడ్డాక ఒక మధ్యాహ్నం ఆయన్ని ఊరి నడుమ కూర్చోబెట్టి, ఆయన చేయించుకున్న వెట్టి గురించి, వేసిన జరిమానాల గురించి ఒక్కొక్కరూ లేచి అడిగారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఇంటికి వచ్చిన తాత మళ్లీ వాకిలి దాటలేదు. కొన్నాళ్లకే మావాళ్లు ఊరు విడిచారు. నన్ను చదువు కోసం కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉంచారు.

ఎనిమిదో తరగతిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. దొరల పిల్లతో స్నేహం చేస్తే అన్నలు, అంటే నక్సలైట్లు, చూస్తారని కొందరి భయం. మరికొందరికి భయం కాదు, కోపం. వాళ్ల అమ్మలు, నాయనలు మా వంటి ఇళ్లలో పడ్డ కష్టం వాళ్లు విని ఉన్నారు.

అదే తరగతిలో మరో మూల రాజమల్లు కూర్చునేవాడు. వాళ్లది మా పక్క ఊరు. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసేవాడు. అన్న లోపలికి పోయాడు. ఆ రోజుల్లో మా దిక్కు 'లోపలికి' అంటే అడవిలోకి, దళంలోకి అని. ఆ తర్వాత పోలీసులు వాళ్లింటికి రావడం మొదలుపెట్టారు. తల్లి భయపడి చిన్న కొడుకుని కోరుట్లలో చెల్లెలి దగ్గరకు పంపింది. అతని పక్కనా ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. వాడితో మాట్లాడితే పోలీసులు చూస్తారని భయం.

అట్లా ఒకే తరగతిలో, రెండు మూలల్లో, ఒకదానికొకటి పొసగని కారణాలతో మేమిద్దరం వెలివేసినట్టు ఉండేవాళ్లం. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఆ జూన్‌లో బడి తెరిచేసరికి మైదానం నిండా పోలీసుల గుడారాలు వెలిశాయి. గోల్‌పోస్టుకు తాడు కట్టి బనీన్లు ఆరేసుకున్నారు. లాంగ్‌జంప్ గుంతలో ఇసుకంతా బస్తాలకెత్తి గేటు ముందు పేర్చారు. మైదానం వైపు కిటికీలు మూసి ఉంచమన్నారు. మొదటి వారం డ్రిల్లు పీరియడులో సార్ తరగతి గదిలోకి వచ్చి, ఏం చేయాలో తోచక, మమ్మల్ని నిలబెట్టి చేతులు పైకెత్తించి దించేవారు. ఎత్తినప్పుడల్లా మా వేళ్లు పక్కవాళ్ల కళ్లలో పొడుచుకునేవి.

ఆయన రూపం చెప్పాలి. పొట్టి మనిషి, బిరుసు జుట్టు. ఒకప్పుడు జిల్లాకు కబడ్డీ ఆడారు, అందుకే ఒక మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండేది. క్యాన్వాస్ బూట్లకు సుద్దముక్క అరగదీసి తెలుపు చేసుకునేవారు. నడిచిన చోటల్లా తెల్లటి పొడి రాలేది. హాజరు పిలిచేటప్పుడు మా ముఖాలు చూడరు, కాళ్లు చూస్తారు. ఎవరి చెప్పు తెగింది, ఎవరికి ముల్లు దిగింది, ఎవరు పొద్దున పొలం నుంచి నేరుగా వచ్చారు అన్నీ అక్కడే కనిపెట్టేవారు. "మొఖం అబద్ధమాడ్తది, కాళ్లు ఆడయ్" అనేవారు.

రెండో వారం ఆయన ఒక రుమాలు మూట తెచ్చి బల్ల మీద విప్పారు. అందులో గవ్వలు. పచ్చీసు ఆడే మామూలు గవ్వలే. ఆడపిల్లలం నవ్వాము. డ్రిల్లు సార్ పచ్చీసు ఆడిస్తారా అని.

"గ్రౌండు లేదు. అందుకని ఇయ్యాల్టి సంది కూసోనే ఆడుదాం" అన్నారు.

ఆ ఆట ఎట్లా ఉండేదంటే, సార్ ఒక కథ మొదలుపెట్టి సగంలో ఆపేస్తారు. కథలోని మనుషులం మేమే. అక్కణ్నుంచి మేం ఏం చేస్తామో, ఎదుటివాళ్లతో ఏం మాట్లాడతామో మేమే చెప్పాలి. ఎదుటివాళ్లందరూ ఆయనే: ఊరి కాపలావాడు, ముసలమ్మ, పులి, వరదొచ్చిన వాగు, అన్నీ. మేం చేసింది ఫలిస్తుందో లేదో తేలనప్పుడు గవ్వలు వేస్తారు. వెల్లకిలా ఎక్కువ పడితే ఫలించినట్టు. ఒక పీరియడులో ఆగిన చోటనే మరుసటి పీరియడులో మొదలవుతుంది.

మొదటి రోజు అందరం రాజులం అవుతామన్నాం. కొందరు రాణులు. సార్ తల అడ్డంగా ఊపి, ఈ కథలో అందరూ ఒకే తెగ అన్నారు. ఆ తెగ పేరు నీడలేనోళ్లు.

ఒకప్పుడు వాళ్లంత గొప్ప యోధులు లేరట. ఒక కోటకు కాపలా ఉండేవాళ్లు. ముట్టడి నెలల తరబడి సాగింది. ఆకలికి ఆగలేక ఒకనాడు శత్రువుకు దర్వాజా తీశారు. కోట తగలబడింది. కాలిపోతున్న తన గుడిసె ముందు నిలబడి ఒక ముసలామె, మీకు నీడ లేకుండా పోను అని తిట్టింది. అప్పటినుంచి వాళ్లు ఎంత ఎండలో నిలబడ్డా నేల మీద నీడ పడదు. నీడ పడదు కాబట్టి ఏ ఊరికి పోయినా ఇట్టే దొరికిపోతారు. ఎవరూ నమ్మరు, ఏ ఇంటి నీడా దొరకదు. యుద్ధం వస్తే మాత్రం వచ్చి పిలుస్తారు, అయిపోయాక తరిమేస్తారు. ఆ శాపం పోవడానికి ఒకటే దారి. వాళ్లెవరో ఎరిగి, పూర్తిగా ఎరిగి, ఎవరైనా తమ ఇంట్లోకి పిలిచి ఒక ముద్ద పెట్టాలి. తామెవరో దాచి తిన్నది లెక్కలోకి రాదు.

ఆ తెగలో సార్ ఒక్కొక్కరికి ఒక్కో పని ఇచ్చారు. అడవి దారులు ఎరిగినవాడు రాజమల్లు. ఊరి దర్వాజా ముందు నిలబడి తెగ తరఫున మాట్లాడే మనిషిని నేను. ఆయన కావాలనే ఇచ్చారో, గవ్వలు వేసి ఇచ్చారో నాకు గుర్తులేదు.

కొన్ని వారాల పాటు మాకు ఆ ఆట తప్ప మరో ధ్యాస లేదు. ఒక ఊరికి బావి తవ్వి ఇచ్చాం. నీళ్లు పడ్డాక వాళ్లు మమ్మల్ని పొమ్మన్నారు. ఇంకో ఊరిని పులి బారి నుంచి కాపాడాం. వాళ్లు గోడ మీంచి దండం పెట్టారు గానీ దర్వాజా తీయలేదు. మాలో ఒకడికి ఓపిక తక్కువ. కాపలావాడు ఒక్క మాట అంటే చాలు, కత్తి తీస్తా సార్ అని లేచేవాడు. సార్ గవ్వలు వేసేవారు. అవి ఎందుకో వాడికి ఎప్పుడూ బోర్లానే పడేవి. మళ్లీ అందరం అడవిలోకి ఉరికేవాళ్లం. "కత్తి తీస్తే కత నాది, మాట తీస్తే కత మీది" అని సార్ వాడిని కూర్చోబెట్టేవారు.

ఒక రోజు నాకు కోపం వచ్చింది. ఎంత చేసినా ఊళ్లు నమ్మడం లేదు. నేను లేచి, "మా తాతలు చేసినదానికి మేమెందుకు పడాలె సార్?" అని అడిగాను.

అడిగిన తర్వాత గాని నేనేం అడిగానో నాకు తెలియలేదు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు వెనక మూల నుంచి రాజమల్లు, అంతకు ముందు నాతో ఒక్క మాట మాట్లాడనివాడు, నా వైపు కాకుండా సార్ వైపే చూస్తూ అన్నాడు.

"గా ముసలామె ఇల్లు కాలింది గదా సార్."

సార్ చాలాసేపు గవ్వల్ని అరచేతిలో కదిపారు. మా ఇద్దరిలో ఎవరిది తప్పో చెబుతారని అందరం ఎదురు చూశాం.

"రెండూ నిజమే" అన్నారు. "ఇగ ముంగటికి ఎట్ల పోదాం, చెప్పుండ్రి."

ఇన్నేళ్లుగా కోర్టులో ఎన్నో వాదనలు విన్నాను, చేశాను. ఇరుపక్షాల మాటా విని అంత తక్కువలో అంత సరైన తీర్పు ఇంకొకటి విన్నానని చెప్పలేను.

ఆట గుట్టు బయటపెట్టింది మా తరగతిలోని ఒక చిన్న పిల్ల. ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని, తినకుండా కంచంలో వేలు తిప్పుతూ, మావాళ్లు అడివిల ఉన్నరు, వాళ్లకు బువ్వ దొరుకుతలేదు, ఏ ఊరోళ్లూ లోపటికి రానిస్తలేరు అని కళ్లనీళ్లు పెట్టుకుందట. వాళ్ల నానమ్మకు పొలమారింది. మావాళ్లెవరే అంటే, మా దండు అన్నది ఆ పిల్ల. ఆ రోజుల్లో అడవి, దండు, బువ్వ అనే మూడు మాటలు ఒకే నోట వస్తే చాలు. తండ్రి ఎవరి చెవిలోనో వేశాడు. అక్కణ్నుంచి అది మైదానంలోని గుడారాల దాకా పోయింది.

ఒక మధ్యాహ్నం మేం ఆటలో ఉండగా ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక హెడ్మాస్టరు చెమటలు కక్కుతున్నాడు. మేమందరం లేచాం. ఇన్‌స్పెక్టర్ కూర్చోమని చెప్పి, వెనక బెంచీ మీద రాజమల్లు పక్కనున్న ఖాళీలోనే కూర్చున్నాడు. రాజమల్లు పక్కన, నా పక్కన తప్ప గదిలో ఎక్కడా ఖాళీ లేదు మరి.

"కానివ్వండి మాస్టారూ. మీ ఆటేమిటో నేనూ చూస్తాను" అన్నాడు. కోస్తా మాట. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయం వేసింది.

సార్ చేతిలోంచి ఒక గవ్వ జారి కింద పడింది. వంగి తీసుకున్నారు. ఆ రోజు కథలో మేమొక ఊరి దర్వాజా ముందున్నాం. మాతో ఒక చిన్న పిల్ల ఉంది, దాహంతో పడిపోయింది. మాట్లాడాల్సింది నేను. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

ఇన్‌స్పెక్టరే అందుకున్నాడు. "నేనే ఆ కాపలావాణ్ణనుకోండి. ఎవరు మీరు?"

అప్పుడు అతని పక్కనే రాజమల్లు లేచి నిలబడ్డాడు.

"నీడలేనోళ్లం సార్."

"కత్తులున్నాయిగా మీ దగ్గర. మిమ్మల్నెందుకు నమ్మాలి?"

"నమ్మకు సార్" అన్నాడు రాజమల్లు. "మా పోరి చిన్నది. దూపైతంది. దానికి నీళ్లు పోసి, మమ్ముల మళ్ల తరుము."

ఇన్‌స్పెక్టర్ ఆ పిల్లవాడి ముఖంలోకి తేరిపార చూశాడు. "నీ పేరేంటి? ఏ ఊరు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆటలోది కాదని అందరికీ అర్థమైంది. పేరు, ఊరు చెబితే చాలు, అన్న ఎవరో తెలిసిపోతుంది. గుడారాల్లో అందరికీ తెలిసిన పేరది. రాజమల్లు పెదవులు విప్పేలోగా సార్ బల్ల దాటి ముందుకు వచ్చారు. కుంటుతూ వచ్చి ఆ బెంచీకి అడ్డంగా నిలబడ్డారు.

"ఆటల ఎవ్వరికి పేర్లుండయ్ సార్. ఇక్కడ అందరు నీడలేనోళ్లే. అడగాల్సింది ఏమన్నుంటే నన్నడుగుండ్రి. ఈ తెగకు పెద్దను నేను."

ఒక డ్రిల్లు మాస్టరు పోలీసు అధికారి ముందు నిలబడి ఒక తెగకు పెద్దను నేనని చెప్పుకోవడం ఆ కాలంలో ఎంత ప్రమాదమో ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని, ఆయన తెల్ల బూట్లను చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అతని మనసులో ఏముందో నాకు తెలియదు. రాజమల్లుని ఆ తర్వాత ఎవరూ పిలవలేదని మాత్రం తెలుసు. సార్‌ని పిలిచారు. సాయంత్రం దాకా గుడారం బయట కూర్చోబెట్టి పంపించారు.

మరునాడు హెడ్మాస్టరు ఆట బందు పెట్టమన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, భయస్తుడు. సార్ సరేనన్నారు. మళ్లీ చేతులు ఎత్తడం, దించడం మొదలైంది. మా తెగ ఆ ఊరి దర్వాజా ముందే ఆగిపోయింది. పిల్లలు బయట ఆ మాట ఎత్తలేదు. కానీ రాజమల్లు పక్కన ఒకడు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. కత్తి తీస్తా సార్ అనేవాడే.

చలికాలంలో పేపర్లో వార్త వచ్చింది. ధర్మపురి అవతల అడవిలో ఎదురుకాల్పులు, ఒకరి మృతి అని. అది రాజమల్లు అన్న. మా మేనమామ ఆ వార్త చదివి, పేపరు మడిచి, ఊపిరి వదిలి, ఒక గండం గడిచింది అన్నాడు. నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను. నాకు సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. మా తాతను ఊరి నడుమ కూర్చోబెట్టిన మధ్యాహ్నం మొట్టమొదట లేచి అడిగిన మనిషి ఈయనే. నేను మా నాయనమ్మ కొంగు పట్టుకుని దూరం నుంచి చూశాను. సన్నగా, పొడుగ్గా, అడుగుతూ అడుగుతూ గొంతు జీరబోయిన మనిషి. రాజమల్లుకి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు.

కొన్నాళ్లకు రాజమల్లు బడికి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. అన్నకు తలకొరివి తనే పెట్టాడట. మొన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు ఆ రోజు ముందు బెంచీకి మారిపోయాడు. వాడి తప్పు కాదు, ఇంట్లో చెప్పి పంపి ఉంటారు. రాజమల్లు ఎవరి వంకా చూడలేదు.

అన్నం గంటకు ముందు డ్రిల్లు పీరియడు. సార్ వచ్చారు. ఎప్పటిలాగే అందరి కాళ్లూ చూస్తూ వచ్చి రాజమల్లు దగ్గర ఆగారు. వాడు చెప్పుల్లేకుండా వచ్చాడు. సార్ చేతులు ఎత్తండి అంటారని అందరం లేచి నిలబడ్డాం. ఆయన కూర్చోమన్నారు. తలుపు దాకా పోయి, వరండాలో అటూ ఇటూ చూసి వచ్చి, "మన తెగ ఏడ ఆగింది?" అని అడిగారు.

ఎవరో మెల్లగా, దర్వాజా ముందు సార్ అన్నారు.

"ఇయ్యాల మీరు తెగ గాదు" అన్నారు సార్. "మీరు ఊరు. ఆ దర్వాజ మీది. తెగోడు ఒక్కడే ఉన్నడు, బయట."

రాజమల్లు భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాటించారు. వాడిని వరండాలో నిలబెట్టి తాను తలుపు పట్టుకుని నిలుచున్నారు. ఈసారి గవ్వల మూట తెరవలేదు. "అడిగేది అడుగుండ్రి" అన్నారు మాతో.

మొదట ఒక పిల్ల, ఎవరు నువ్వు అని అడిగింది. రాజమల్లు నేల చూశాడు. ఇంకొకడు, ఏ ఊరి నుంచి వచ్చావని అడిగాడు. వాడు నేల చూస్తూనే ఉన్నాడు. నేను సార్ ముఖం చూశాను. ఆయనకు కూడా ఏం జరుగుతుందో తెలియదని, భయపడుతున్నారని అర్థమైంది.

నేను లేచాను. ఏమనాలో అనుకుని లేవలేదు. మా ఇంటికి ఎవరు వచ్చినా మా నాయనమ్మ మొదట అడిగే మాటే నోటికి వచ్చింది.

"తిన్నవా?"

రాజమల్లు తలెత్తాడు. తల అడ్డంగా ఊపాడు.

"లోపటికి రా. ముందుగాల తిను."

మా అత్త ఆ రోజు నా డబ్బాలో సర్వపిండి రొట్టె పెట్టింది. వాడు వచ్చి నా బెంచీ ముందు నిలబడ్డాడు. ఎనిమిదో తరగతిలో మగపిల్లలు ఆడపిల్లల బెంచీ మీద కూర్చునే రోజులు కావవి. సార్ తనే ఒక బెంచీ ఈడ్చుకొచ్చి నా బెంచీకి ఎదురుగా వేశారు. రాజమల్లు కూర్చుని ఒక ముక్క తుంచుకున్నాడు. నమలలేక చాలాసేపు నోట్లోనే పెట్టుకున్నాడు. తర్వాత కళ్ల వెంట నీళ్లు కారుతుండగానే తిన్నాడు. ముందు బెంచీకి మారిపోయినవాడు తన డబ్బా తీసుకుని వచ్చి పక్కన పెట్టాడు. మరొకరు మామిడికాయ తొక్కు తెచ్చారు. సార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అది మైదానం వైపు కిటికీ, మూసే ఉంది. మూసిన కిటికీనే ఆయన చాలాసేపు చూశారు.

గంట కొట్టాక ఎవరో, శాపం పోయిందా సార్ అని అడిగారు.

"నాకేమెరుక. ఎండల నిలవడి సూసుకోండ్రి" అన్నారాయన.

పిల్లలందరూ వరండా దాటి ఎండలోకి ఉరికారు. చలికాలపు ఎండ కాబట్టి మధ్యాహ్నమైనా నీడలు ఒక పక్కకు వాలి పడ్డాయి. ఒకరి నీడ ఒకరు తొక్కుకుంటూ గోల చేశారు. గుడారాల దగ్గర కాపలా ఉన్న జవాను ఇటు తిరిగి చూసి, ఎందుకో తనూ నవ్వాడు. రాజమల్లు ఒక పక్కగా నిలబడి తన నీడను చూసుకున్నాడు.

ఆ సంగతీ బయటికి పోయింది. ఆ మరుసటి వారమే సార్‌కి సిరిసిల్ల బదిలీ అయింది. ఆయన వెళ్లే రోజు మేం కొందరం బస్టాండుకు పోయాం. వేములవాడ మీదుగా పోయే బస్సు. చేతిలో ఒక ట్రంకు పెట్టె, మెడలో ఈల. మాకు నీతులేమీ చెప్పలేదు. వరసగా మా కాళ్లు చూసుకుంటూ వచ్చి, ఎవరి కాళ్లేవో నాకు యాదికుంటయ్ పోండ్రి అన్నారు. ఎవరో ఏడుస్తుంటే, "నమ్మకం అడుక్కునేది గాదు, గుంజుకునేది గాదు. దాని ఎదుట నిలవడాలె, అంతే" అన్నారు. అది ఆటలో చాలాసార్లు అన్న మాటే. ఆ రోజు బస్టాండులో విన్నప్పుడు అది వేరేగా వినిపించింది.

తర్వాత చాలా ఏళ్లు ఆయన్ని చూడలేదు. నేను హైదరాబాదులో లా చదివి జగిత్యాలలో వకీలుగా స్థిరపడ్డాను. రాజమల్లు దుబాయి పోయి వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. మేం గొప్ప స్నేహితులమయ్యామని చెప్పను. ఇప్పటికీ అతను నన్ను పేరు పెట్టి పిలవడు, మరేమీ పిలవడు కూడా. కానీ మా అమ్మకు బాగాలేనప్పుడు ఆసుపత్రికి తీసుకుపోయింది అతనే. అతని బిడ్డ పెళ్లిలో మొదటి వరసలో కూర్చుంది నేను.

కొన్నేళ్ల కింద ఇద్దరం కలిసి సిరిసిల్ల పోయి సార్ ఇల్లు వెతికి పట్టుకున్నాం. రిటైరై చాలాకాలమైంది. కంటి చూపు తగ్గింది. అరుగు మీద కూర్చుని ఉన్నారు. మేం పేర్లు చెప్పబోతుంటే చేయి ఎత్తి ఆపి, వంగి మా కాళ్ల వైపు చూశారు. చాలాసేపు చూశారు. "ఏమో, చెప్పులు మారినయ్" అని నవ్వారు. గుర్తుపట్టలేదు. పేర్లు చెప్పాక మాత్రం ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. అమ్మ, అంటే సార్ భార్య, మాకు అన్నం పెట్టకుండా పంపలేదు.

ఆ రోజు నేను అడిగాను. అంత ప్రమాదమైన కాలంలో మాతో ఆ ఆట ఎందుకు ఆడించారని. మా ఇద్దరినీ కలపాలని అనుకున్నారా అని కూడా అడిగాను. పెద్ద జవాబేదో వస్తుందని నా ఆశ.

"నేను గంత ఆలోచన చేసిన్నా?" అన్నారాయన. "గ్రౌండు గుంజుకున్నరు. పిల్లగాళ్లు ముడుచుకొని కూసుంటున్నరు. డ్రిల్లు మాస్టర్‌కు జీతమిచ్చేది ఆడిచ్చేతందుకే గదా బిడ్డా."

రాజమల్లు ఫోన్ చేసిన ఆ ఉదయం ఇద్దరం అతని కారులోనే బయలుదేరాం. జగిత్యాల దాటి చాలాదూరం పోయాం. తర్వాత అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"మీ తాతను అడిగినోళ్లల్ల మా అన్న ఉండెనా?"

"ఉండె. ముందుగాల లేచింది ఆయ్ననే."

"గా డబ్బా ఇచ్చిన నాడు నీకు ఎరుకనా?"

"ఎరుకే."

వేములవాడ దాటుతుండగా, సార్‌కు ఎరుకనా అని అడిగాడు. ఆయన్నెప్పుడూ అడగలేదని చెప్పాను. ఇక అడిగే వీలు లేదు.

సార్‌కి పిల్లలు లేరు. అయినా వాకిట్లో కాలు పెట్టడానికి సందు లేదు. డప్పు వద్దని, ఆయనకు చప్పుడు పడదని అమ్మ చెప్పిందట. పాడె లేచింది. మోసినవాళ్లలో రాజమల్లు ఒకడు. ఆడవాళ్లం వీధి మలుపు దాకా నడిచి ఆగిపోయాం.

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. సార్ ఇల్లున్న వీధి పొడుగునా రెండు వైపులా సాంచాల షెడ్లే. వాటి టకటకలో పక్క మనిషి మాట వినపడదు. పాడె మొదటి షెడ్డు ముందుకు వచ్చేసరికి లోపల ఎవరో స్విచ్చు బందు చేశారు. జుట్టులో దూది పోగులతో ఇద్దరు మనుషులు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆ వెంటనే ఎదుటి షెడ్డు ఆగింది. తర్వాత దాని పక్కది. పాడె దాటిపోయాక వెనకవి ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి. కూలి పని మరి, ఎంతసేపు ఆపగలరు. వీధి చివర మలుపు తిరిగాక మాకు పాడె కనబడలేదు. అయినా ఆయన ఎక్కడిదాకా పోయారో తెలుస్తూనే ఉంది. అంత చప్పుడులో ఒక చిన్న నిశ్శబ్దం షెడ్డు నుంచి షెడ్డుకు జరుగుతూ, మెల్లగా, మానేరు వాగు వైపు నడిచిపోతోంది.